కొండెక్కిన కచేరీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాసి ఇవ్వవలసిందిగా కార్యదర్శిగారు కోరి నెల దాటింది. పెన్షన్ బకాయిల గురించి, కరువు భత్యం వాయిదాల గురించి, హెల్త్ కార్డు తిప్పలు గురించి రాసేవారికి మనలో కొదవ లేదు. "మీరు ఊటీ చరిత్ర రాయండి, యాత్ర గుర్తుండగానే" అన్నారాయన. నిరుడు ఫిబ్రవరిలో మన శాఖ తరఫున నలభై ఇద్దరం బస్సు కట్టించుకుని ఊటీ వెళ్లివచ్చిన సంగతి సభ్యులకు తెలిసిందే. ఏ మలుపు దగ్గర ఎవరికి కడుపులో తిప్పిందో, ఎవరి ఉన్ని టోపీ ఎవరు పెట్టుకొచ్చారో మిత్రులు ఇప్పటికే కథలు కథలుగా చెప్పుకున్నారు. కాబట్టి ఆ భాగం వదిలేస్తున్నాను.

నాకు ఊటీ కొత్త, కానీ మా ఇంటికి పాత. మా తాత మద్రాసులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. 1914 నుంచి పదమూడు వేసవులు దస్త్రాలతో పాటు ఆ కొండ ఎక్కి దిగినవాడు. మా అవ్వ మాత్రం ఊటీ అనే పేరు నోటితో పలకగా నేను వినలేదు. "ఆ కొండ" అనేది, అంతే. కారణం దాని చోట చెబుతాను.

మాతో వచ్చిన గైడు మొదటి మాటగానే "ఊటీని కనిపెట్టినవాడు జాన్ సల్లివాన్" అన్నాడు. ఆఫీసులో ముప్పై ఆరేళ్లు రికార్డు చూసిన అలవాటుతో నాకు ఆ మాట నచ్చలేదు. అక్కడ తోడాలు బర్రెలు మేపుకుంటూ, బడగలు సేద్యం చేసుకుంటూ, కోతలు కుండలూ ఇనుప పనిముట్లూ చేస్తూ, కురుంబలు అడవిని నమ్ముకుని ఎన్నో తరాలుగా ఉన్నారు. వాళ్లు పోగొట్టుకోని దాన్ని ఇంకొకరు కనిపెట్టడమేమిటి? తోడాల భాష మన తెలుగుకు చుట్టం, అదీ ద్రావిడ భాషే. వాళ్ల పల్లెను 'మందు' అంటారు. ఒత్తకల్‌మందు అనో మరో విధంగానో ఉన్న ఆ పల్లె పేరును తెల్లవాళ్లు నోరు తిరగక 1821లో మద్రాసు పత్రికలో 'వోటకీమండ్' అని అచ్చు వేయించారు. తర్వాత అది ఊటకమండ్ అయింది. పొడి అక్షరాల్లో ఊటీ అయింది. మనవాళ్లు కొందరు 'ఉదకమండలం' అనే మాట చూసి చెరువు వల్ల వచ్చిన పేరని అర్థం చెబుతారు. ఆ చెరువు తవ్వింది 1823-25 మధ్య. పేరు అచ్చయింది అంతకు ముందే. తేదీలు చూసుకుంటే చాలా వాదనలు వాటంతట అవే తేలిపోతాయి.

1799లో శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు సుల్తాను మరణించాక కోయంబత్తూరు సీమతో పాటు నీలగిరులూ కంపెనీ ఖాతాలోకి వచ్చాయి. వచ్చినట్టు కాగితం మీద ఉంది గానీ, పైన ఏముందో చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 1812లో కీస్ అనే సర్వేయరు, మక్మహన్ అనే అప్రెంటిసు పైకి వెళ్లి రిపోర్టు రాశారు. ఆ రిపోర్టు ఎక్కడో అడుగున పడింది. (మనకు తెలియని విషయమా!) 1818లో కోయంబత్తూరు కలెక్టరు కింద పనిచేసే విష్, కిండర్స్‌లీ అనే ఇద్దరు యువకులు ఎక్కివచ్చి, ఎండాకాలంలో కూడా అక్కడ చలిగా ఉందని చెప్పారు. ఆ కలెక్టరే సల్లివాన్. అప్పటికి ముప్పై ఏళ్లవాడు. 1819 జనవరిలో తానే పైకి వెళ్లాడు. అదే ఏడు ఆయన ఆదరణలో లెషెనో అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు జబ్బుతో చిక్కి శల్యమై కొండెక్కి, కొద్దిరోజుల్లోనే తేరుకున్నాడు. కొత్త డాక్టరుకు మొదటి రోగి నయమైతే పేరు వచ్చినట్టు ఆ కొండకు పేరు వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో తెల్ల అధికారికి జ్వరమో కాలేయపు జబ్బో వస్తే గాలి మార్పు కోసం ఓడ ఎక్కి దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్ దాకా పోయేవాడు. పోవడానికి నెలలు, రావడానికి నెలలు. సెలవు కాలమంతా మనిషి లేడు, పని లేదు, ఖర్చు మాత్రం ఉంది. నాలుగైదు రోజుల ప్రయాణంలో అంత చల్లటి చోటు దొరికితే కంపెనీకి ఎంత ఆదా! నీలగిరి మొదట విశ్రాంతి స్థలమైంది కవులు వర్ణించే అందం వల్ల కాదు, సెలవుల పద్దు వల్ల. ఈ మాట నేను నవ్వులాటకు రాయడం లేదు. జబ్బు మనిషిని త్వరగా డ్యూటీలో చేర్చుకోవడమే దాని ప్రయోజనం.

సల్లివాన్ ముందు కోటగిరి దగ్గర బంగళా కట్టాడు. సిరుముగై నుంచి కోటగిరికి దారి వేయించాడు. 1822లో ఊటీలో రాతి ఇల్లు మొదలుపెట్టాడు. అక్కడివాళ్లు దాన్ని 'కల్ బంగళా' అన్నారు, ఇంగ్లీషులో స్టోన్ హౌస్. ఆ నేలను తోడాల దగ్గర ఎకరా ఒక్క రూపాయి చొప్పున కొన్నాడని చరిత్రకారులు రాస్తారు. చెరువు కట్టించాడు. బంగాళాదుంప, కోసుకూర వంటి సీమ కూరగాయలు నాటించాడు. మా కర్నూలు పక్క ఉర్లగడ్డ అని తినేదాన్ని ఆ కొండ మీద పాతించిన తొలివారిలో ఆయన ఒకడు. ఇప్పటికీ మన బజారులో బండివాడు "ఊటీ క్యారెట్" అని కేక వేస్తే రెండు రూపాయలు ఎక్కువ చెప్పడానికే కదా!

మన జిల్లావారికి ఊటీతో ఉన్న అసలు సంబంధం ఇక్కడ వస్తుంది. సర్ థామస్ మన్రో పేరు వినని రాయలసీమ మనిషి ఉండడు. దత్తమండలాలకు 1800లో కలెక్టరుగా వచ్చి ఏడేళ్లు ఊరూరూ తిరిగి రైత్వారీ పద్ధతికి పునాది వేసినవాడు. మనలో రెవెన్యూ శాఖలో పనిచేసినవారంతా ఒక విధంగా ఆయన కొలిపించిన భూమి మీదే ఉద్యోగం చేశాం. ఆయన తర్వాత మద్రాసు గవర్నరై, 1826 సెప్టెంబరులో ఊటీ వెళ్లి సల్లివాన్ ఇంట బస చేశాడు. భార్య అప్పటికే జబ్బుపడిన చిన్నకొడుకును తీసుకుని ఇంగ్లండు వెళ్లింది. ఆమెకు కొండ మీద నుంచి ఉత్తరాలు రాశాడు. పగలే ఓవర్‌కోటు తొడుక్కుని, వేళ్లు కలం పట్టడానికి రానంత చలిలో రాస్తున్నానని అందులో చెప్పుకున్నాడు. ఆ తర్వాత పది నెలలు తిరక్కుండానే, పాత దత్తమండలాల ప్రజలను పదవీ విరమణకు ముందు ఒక్కసారి చూసిపోదామని బయలుదేరి, 1827 జులై 6న మన పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పూడ్చి, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేర ప్రభుత్వం చింతతోపు వేయించి రాతి బావి కట్టించింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఊళ్లో రెండేళ్లు ఉన్నాను. ఆ తోపు పక్కగా సైకిలు మీద పోతూ కూడా, ఆయన అంతకు ముందు ఏడాది ఊటీలో చలి కాచుకున్నాడని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆగి చూసేవాణ్ణేమో.

మన్రో పోయిన ఏడే ఊటీకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంగా గుర్తింపు వచ్చింది. తర్వాతి గవర్నరు లషింగ్టన్ కొండ మీద బాగా మోజుపడ్డాడు. కూనూరు ఘాట్ రోడ్డు ఆయన కాలంలోదే. 1829 ఏప్రిల్‌లో సెయింట్ స్టీఫెన్స్ చర్చికి శంకుస్థాపన చేశాడు. ఆ చర్చి కప్పుకు వాడిన పెద్ద దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను లాల్‌బాగ్ భవనం పడగొట్టి తెచ్చినవి. మేము లోపలికి వెళ్లి తలెత్తి చూశాం. ఒక రాజు ఇంటి దూలం ఇంకో రాజు పుట్టినరోజున పునాది వేసిన గుడికి ఎక్కింది. అంత దూరం, అంత ఎత్తు దాన్ని మోసింది ఏనుగులూ మనుషులూ.

లషింగ్టన్‌కూ సల్లివాన్‌కూ మాత్రం పొసగలేదు. భూమి తోడాలదేననీ, తీసుకుంటే వాళ్లకు ధర చెల్లించాలనీ సల్లివాన్ వాదన. బర్రెలు మేపుకునే హక్కు తప్ప తోడాలకు భూమి మీద ఇంకేమీ లేదని ఎదుటి వాదన. ఎకరా రూపాయికి కొన్నవాడే ఈ వాదన చేయడం వింతగా తోచవచ్చు. తన కొనుగోలు చెల్లాలంటే అమ్మినవాడికి హక్కు ఉండాలి కదా అని గిట్టనివాళ్లు అనే ఉంటారు. ఆయనకు చాలా భూమి ఉండింది కూడా. ఏమైనా, 1830లో ఊటీ ఉన్న పడమటి భాగాన్ని కోయంబత్తూరు నుంచి తీసి మలబారు జిల్లాలో కలిపేశారు. అధికారి నచ్చకపోతే జిల్లా హద్దే జరపడం ఈనాటి విద్య కాదన్నమాట. 1843లో దాన్ని తిరిగి కోయంబత్తూరుకు ఇచ్చారు. హక్కు సంగతి చివరకు మేత వరకే నిలిచింది.

ఇందులో మన హైదరాబాదు ముచ్చట కూడా ఒకటి ఉంది. నిజాముకు విపరీతమైన వడ్డీకి అప్పులిచ్చి చివరకు దివాలా తీసిన పామర్ కంపెనీలో భాగస్వామి సర్ విలియం రంబోల్డ్. ఆయన 1831-32లో ఊటీలో ఒక పెద్ద భవనం కట్టాడు. తర్వాత అదే ఊటకమండ్ క్లబ్బయింది. స్నూకర్ ఆట నియమాలు ఆ క్లబ్బులోనే గోడకెక్కాయని గొప్పగా చెబుతారు. ఆ గోడలో మన మూసీ ఒడ్డున పిండిన వడ్డీ రూపాయి ఎంత ఉందో లెక్క తీసినవారు లేరు. 1834లో గవర్నరు జనరల్ బెంటింక్ ఊటీలో మకాం పెట్టినప్పుడు మెకాలే మద్రాసులో ఓడ దిగి, సుమారు 400 మైళ్లు పల్లకీలో వచ్చి ఆయన్ను కలిశాడు. దేశం మొత్తానికి కొత్త చట్టం కింద ఏర్పడిన పాలక మండలి ఆ కొండ మీద కూర్చుంది. మెకాలే శిక్షాస్మృతి అక్కడే రాశాడని గైడు చెప్పాడు. కాదు, ఆ పని తర్వాత కలకత్తాలో జరిగింది. ఆయన్ను మోసిన బోయీల పేర్లు మాత్రం ఎక్కడా రాసి లేవు.

అయినా ఇంతవరకూ ఊటీ ఒక మజిలీయే. దొరలు వస్తారు, కోలుకుంటారు, దిగిపోతారు. 1848లో మెకైవర్ అనే తోటమాలి కొత్తగా వచ్చి బొటానికల్ గార్డెన్ తీర్చిదిద్దడం మొదలుపెట్టాడు. 1858లో సైనికుల పిల్లలకు లారెన్స్ పాఠశాల పెట్టారు. 1860 తర్వాత సింకోనా తోటలు వచ్చాయి. మన్యం జ్వరాలకు మనవాళ్లు మింగిన కొయినా మాత్ర ఆ చెట్టు బెరడే. ఇవన్నీ ఉన్నా, ఊరు ఊరుగా మారింది వీటివల్ల కాదని నా అభిప్రాయం. మారింది 1870లో. ఆ సంవత్సరం నుంచి ఊటీ మద్రాసు ప్రభుత్వానికి అధికారిక వేసవి కేంద్రమైంది.

దీని అర్థం గుమాస్తా చేసినవాడికి చెప్పనక్కర లేదు. గవర్నరు కొండెక్కితే కార్యదర్శులు ఎక్కాలి. కార్యదర్శి ఎక్కితే దస్త్రం ఎక్కాలి. దస్త్రం తనంతట తాను ఎక్కదు కాబట్టి గుమాస్తా ఎక్కాలి. గుమాస్తాకు అన్నం వండిపెట్టే పూటకూటి ఇల్లు కావాలి, చాకలి కావాలి, పాలవాడు కావాలి, నెలాఖరులో అప్పిచ్చే సేటు కావాలి. టప్పాలు రోజూ రావాలి కాబట్టి పోస్టాఫీసు, తంతి ఆఫీసు కావాలి. వీళ్లందరికీ నీళ్లు, దీపాలు, పాకీపని చూడటానికి మునిసిపాలిటీ కావాలి. విశ్రాంతి స్థలానికి ఇన్ని అక్కరలేదు. కచేరీకి కావాలి. నీలగిరి 1868లోనే ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. 1882లో కలెక్టరు వచ్చాడు. సల్లివాన్ కట్టిన రాతి ఇంటినే పెంచి ప్రభుత్వ కార్యాలయాలు పెట్టారు. ఒక దశలో మద్రాసు ప్రభుత్వం ఏడాదిలో దాదాపు ఆరు నెలలు కొండ మీదే ఉండేది. కింద ఎండలో మాడే జనానికి అర్జీ పెట్టుకోవాలంటే దొరలు మబ్బుల్లో ఉన్నారని మద్రాసు వర్తకులూ పత్రికలవారూ మొత్తుకున్నారు.

1877లో గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు దొడ్డబెట్ట వాలులో కొత్త గవర్నమెంట్ హౌస్ కట్టడం మొదలుపెట్టించాడు. ఆ సంవత్సరం మన జిల్లాలో ఏమి జరిగిందో చెప్పకపోతే నేను ఈ వ్యాసం రాయడం దండగ. అది ధాత కరువు. 1876 నుంచి 78 వరకు. కర్నూలు, బళ్లారి, కడప మండలాలు మాడిపోయాయి. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యమూ పైన చిల్లరా చాలునని ఆనాడు ఒక దొర లెక్కగట్టాడు. 1871 లెక్కతో పోలిస్తే 1881 జనాభా లెక్కలో కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గారు. గవర్నరు బంగళా కట్టుబడికీ మన కరువు పద్దుకూ సంబంధం ఉందని నేను అనను. రెండు ఖాతాలు వేరు. కానీ రెండూ ఒకే ప్రభుత్వం పుస్తకాల్లో, ఒకే సంవత్సరం పేజీలో ఉన్నాయి. మన జీతంలో 'కరువు భత్యం' అనే మాట చూసినప్పుడల్లా నాకు ఆ పేజీ గుర్తొస్తుంది.

ఊరు పెరిగేసరికి కట్టెలు చాలలేదు. కొండ లోయల్లోని షోలా అడవులు పొయ్యిల్లోకి, ఇళ్ల పొగగూళ్లలోకి పోయాయి. త్వరగా పెరిగే చెట్టు కావాలని ఆస్ట్రేలియా నుంచి వచ్చిన యూకలిప్టస్‌ను విరివిగా నాటారు. మొదటి మొక్కలు 1843లో కాటన్ అనే కెప్టెను తెప్పించాడంటారు. జలుబు చేస్తే మనం రుమాలుకు రాసుకునే 'నీలగిరి తైలం' ఆ చెట్టుదే. పరదేశపు చెట్టుకు మన భాషలో నీలగిరి పేరు స్థిరపడింది. అసలు నీలగిరి అడవి చెట్ల పేర్లు ఏవని అడిగితే బస్సులో ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు.

రైలు సంగతి అందరికీ తెలుసు గనుక క్లుప్తంగా చెబుతాను. 1873లో మెట్టుపాళయం దాకా వచ్చింది. అక్కడ నుంచి చాలా ఏళ్లు గుర్రపు టాంగా, ఎడ్లబండి. పళ్ల పట్టాల మీద నడిచే కొండ రైలు 1899లో కూనూరు చేరింది, 1908లో ఊటీ చేరింది. 46 కిలోమీటర్లు, 208 వంపులు, 16 సొరంగాలు. 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మేము కూనూరు నుంచి ఎక్కాం. మన మిత్రులు సినిమా పాటలు అందుకున్నారు. ఒకప్పుడు మన తెలుగు హీరో హీరోయిన్లు పాటకొకసారి ఇక్కడికే వచ్చేవారు కదా.

మా తాత ఎక్కింది ఈ రైలే. వేసవి రాగానే కట్టలకు నంబర్లు వేసి, జాబితా రెండు ప్రతులు రాసి, పెట్టెలకు తాళాలు వేసి లక్కముద్ర కొట్టేవారట. రాత్రి మద్రాసులో ఎక్కితే పొద్దున మెట్టుపాళయం. పెట్టెలు దింపి మళ్లీ ఎక్కించి లెక్క సరిచూసుకునేసరికి చలి మొదలయ్యేది. పైన ఆరుగురు గుమాస్తాలు కలిసి ఒక గది అద్దెకు తీసుకునేవారు. కొండ భత్యమని కొంత ఇచ్చేవారు. అది అద్దెకూ కట్టెలకూ పోయేది. సంసారాన్ని తీసుకుపోయే స్తోమత గుమాస్తాకు లేదు. తాతకు ఒక నల్లటి ఉన్నికోటు ఉండేది. 1985లో కాలిపోయిన మద్రాసు మూర్ మార్కెట్లో పాతదిగా కొన్నది. ఎవరో దొర విడిచినదే అయి ఉంటుంది, చేతులు పొడుగు. ఉదయం పూట వేళ్లు కొంకర్లు పోయి కలం నడవదని, మొదటి గంట రాసిన ఫెయిర్ కాపీ అంతా కాకిగీతలుగా ఉండేదని నవ్వుతూ చెప్పేవాడు. మన్రో ఉత్తరం గురించి చదివినప్పుడు నాకు ఆ మాటే తట్టింది. చలి గవర్నరునూ గుమాస్తానూ ఒకేలా పట్టుకుంది. ఎండే అలా పట్టుకోలేదు. గవర్నరు దాన్ని కింద వదిలిపోగలిగాడు. గుమాస్తా తన పిల్లలను ఆ ఎండలోనే వదిలి పోవలసివచ్చింది.

1926 మే నెల. మా తాతకు అప్పటికి ఇద్దరు పిల్లలు. మా నాన్నకు ఆరేళ్లు, తర్వాతి ఆడపిల్లకు నాలుగేళ్లు. మద్రాసులో చింతాద్రిపేటలో ఒక వాటా ఇంట్లో అవ్వ ఆ ఇద్దరితో ఉంది. ఆ ఎండల్లో పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజు పక్కింటాయన తంతి ఇచ్చాడు. తంతి ఆ సాయంత్రమే చేరింది. తాత సెలవు చీటీ రాసుకుని పై అధికారి దగ్గరకు వెళ్లాడు. ఒక అర్జెంటు కాగితం మరునాడు డెస్పాచ్ కావాలి, అది రాయగలవాడు తాత ఒక్కడే. "ఇది పంపించి బయలుదేరు" అన్నాడాయన. తాత రాత్రంతా కూర్చుని రాసి, మరునాడు మధ్యాహ్నం కొండ దిగి, రాత్రి రైలు పట్టుకుని, మూడో నాడు ఇల్లు చేరాడు. అప్పటికే ఇంట్లో దీపం కొండెక్కింది. అన్నీ అయిపోయాయి.

ఆ అధికారి ఎవరో తాత ఎన్నడూ చెప్పలేదు. చెడ్డవాడు కాదనే అనేవాడు. ఆయన తంతి చదివాడు గానీ, దాని మీద నోట్ రాయవలసింది ఏముందో ఆయనకు తెలియలేదు అనేవాడు. ఆ ఏటి తర్వాత తాత కొండెక్కలేదు. క్యాంపుకు పోయే సెక్షన్ వద్దని మార్పించుకున్నాడు. దానివల్ల పదోన్నతి నాలుగేళ్లు వెనకపడింది. అవ్వకు ఆ సంగతి తెలుసు. అయినా ఆ కొండ పేరు పలకలేదు.

మా యాత్రలో రెండో రోజు సెయింట్ స్టీఫెన్స్ చర్చి వెనక సమాధుల దొడ్డికి వెళ్లాను. అక్కడ సల్లివాన్ భార్య హెన్రియెటా, కూతురు హారియట్ సమాధి ఉంది. 1838లో కొద్దిరోజుల తేడాతో ఇద్దరూ పోయారు. రోగులకు ప్రాణం పోసే కొండ అని ఊరంతటికీ చాటినవాడి ఇంట్లోనే. 1841లో ఆయన దేశం విడిచి వెళ్లిపోయాడు. నేను అక్కడికి వెళ్లింది నిజం చెప్పాలంటే కొంచెం కోపంతోనే. నా కోపం అంతా ఆ ఊరు మొదలుపెట్టినవాడి మీద ఉండేది. ఆ రాయి ముందు నిలబడ్డాక అది ఎవరి మీద నిలపాలో తెలియలేదు. తడి గడ్డి, జారుడుగా ఉంది. మన కోశాధికారిగారు చెయ్యి పట్టుకుని దింపారు.

తర్వాత ఒక్కణ్ణే స్టోన్ హౌస్‌కు పోయాను. స్వాతంత్ర్యం వచ్చాక 1955లో అక్కడ ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ పెట్టారు. కాపలా మనిషికి నాకు వచ్చిన అరకొర తమిళంలో, మా తాత ఇక్కడి కచేరీల రోజుల మనిషి అని చెప్పాను. ఆయన ఏమి అర్థం చేసుకున్నాడో గానీ లోపలికి పొమ్మని చెయ్యి చూపాడు. మందపాటి గోడలు, పొడుగాటి కిటికీలు. పిల్లలు మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. తాత ఏ గదిలో కూర్చున్నాడో, అసలు ఈ భవనంలోనో దీని పక్కదానిలోనో ఆయన నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన పోయేనాటికి నాకు పదమూడేళ్లు.

బస్సు దగ్గరకు వచ్చేసరికి మన మిత్రుడొకరు తోడా స్త్రీ దగ్గర ఎరుపు నలుపు కుట్టుపని శాలువ బేరమాడుతున్నారు. ఆ కుట్టుపనికి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆయన ధర సగానికి అడుగుతున్నారు. ఎకరా రూపాయి సంగతి చెబుదామనుకుని, బేరం మధ్యలో దేనికిలే అని ఊరుకున్నాను. ఆమె మాత్రం ఒక్క పైసా దిగలేదు. మొత్తానికి ఆయన పూర్తి ధర ఇచ్చే తీసుకున్నారు. ఇప్పుడు ఊటీకి ఎవరంటే వారు, ఎప్పుడంటే అప్పుడు పోవడానికి లేదు. బండ్ల రద్దీ భరించలేక 2024 మే నుంచి హైకోర్టు ఆదేశంతో ఇ-పాస్ పెట్టారు. మా బస్సుకూ తీసుకున్నాం. ఒకనాడు దొరల ప్రభుత్వం లేనిదే బతకని ఊరు ఇప్పుడు జనం ఎక్కువై ఆయాసపడుతోంది.

తాత కోటు సంగతి మిగిలిపోయింది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చి మద్రాసు నుంచి ఉద్యోగులు కర్నూలుకు తరలినప్పుడు మా నాన్న వారిలో ఒకడు. కచేరీలు డేరాల్లో. ఆ చలికాలం నాన్న ఆ కోటే తొడుక్కుని డేరాలో పని చేశాడు. 1956లో రాజధాని హైదరాబాదుకు పోయినప్పుడు నాన్న సొంత జిల్లాలోనే ఉండిపోతానని రాసిచ్చాడు. మేము కర్నూలువాళ్లమయ్యాం.

మా మేనత్తకు ఇప్పుడు తొంభై నాలుగు. ఆ పిల్ల పోయిన అయిదేళ్లకు పుట్టిన మనిషి. చెవులు మందం, జ్ఞాపకం గట్టి. ఊటీ నుంచి రాగానే రెండు కిలోల క్యారెట్ తీసుకుని చూడబోయాను.

"యాడికి పోయింటివి రా ఇన్నాళ్లు?" అంది.

చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

"ఆ కొండకా?"

"అవునత్తా."

"చలి యెట్లుంది?"

"బాగుంది. స్వెట్టరు తొడుక్కున్నా."

"మీ తాత కోటు ఒకటుండె. నల్లది. యెవురికిచ్చిరో."

నాన్న దాన్ని 1956లో డేరాల దగ్గర రాత్రి కాపలా ఉండే ముసలాయనకు ఇచ్చేశాడని చెప్పాను. ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. సరేనని తల ఊపి, క్యారెట్ వంటింట్లో పెట్టమంది.